ఆ దూడను మేపిందెవరు

తప్పిపోయిన కొడుకు కథ మీరు వినే ఉంటారు. వినకపోతే నాలుగు ముక్కల్లో చెబుతాను. ఒక తండ్రికి ఇద్దరు కొడుకులు. చిన్నవాడు తన పాలు తనకు పంచిపెట్టమని అడిగి తీసుకొని, పరాయి దేశం పోయి, అంతా తగలేసి, చివరికి పందులు మేపుకుంటూ ఆకలికి తాళలేక ఇంటిదారి పడతాడు. తండ్రి వాణ్ని దూరం నుంచే చూసి పరుగెత్తి పోయి మెడ మీద పడి, బాగా కొవ్విన దూడను కోయించి విందు చేస్తాడు. ఇల్లు విడవకుండా చాకిరీ చేసిన పెద్దకొడుకు పొలం నుంచి వచ్చి, నాకు ఏనాడూ ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అని అలిగి, గడప అవతలే నిలబడిపోతాడు. తండ్రి బయటికి వచ్చి బతిమాలుతాడు. పెద్దవాడు లోపలికి వచ్చాడో లేదో కథలో లేదు.

ఈ కథ మీద నా జన్మలో వంద ప్రసంగాలు విని ఉంటాను. తండ్రి ప్రేమ గురించి చెబుతారు, చిన్నవాడి కన్నీళ్ల గురించి చెబుతారు, పెద్దవాడి అసూయ గురించైతే మరీ వివరంగా చెబుతారు. ఆ దూడను మేపింది ఎవరో మాత్రం ఒక్కరూ చెప్పరు. దూడ దానంతట అది కొవ్వదు. ఎవరో ఒకరు పొద్దున లేచి గడ్డి కోసి, తవుడు కలిపి, దాని వెనక ఎరువు ఎత్తి ఉండాలి. ఆ మనిషిని పిలిచి, అమ్మా, కోయమంటావా అని ఎవరూ అడిగినట్టు లేదు. ఇంత గట్టిగా చెబుతున్నానంటే కారణం ఉంది. మా ఇంట్లో మేపింది నేను.

మాది జహీరాబాద్ ఊరి చివర, ఝరాసంగం బాట పక్కన ఇల్లు. నిజాం రోజులు, పెద్ద యుద్ధం నడుస్తున్న కాలం. మా మామ ఊళ్లోని మా క్రైస్తవ సంఘానికి పెద్ద. అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. ఇంట్లో మామ, మా ఆయన, నేను, మా మరిది, జోడెడ్లు. ఎడ్లను ఎందుకు లెక్క చెప్పానంటే, నేను వచ్చిన రెండో ఏడు మా మరిది తన పాలు అడిగాడు. భూమిని చీల్చనని మామ అన్నాడు. అయితే ఎడ్లున్నాయి కదా, ఒకటి అన్నకు, ఒకటి నాకు అన్నాడు మరిది. మామకు చిన్నకొడుకు అడిగితే కాదనే నోరు లేదు. ఆ గురువారమే వాడు ఎర్రెద్దును తోలుకుపోయి సంతలో అమ్మి, అటు నుంచి అటే షోలాపూర్ మిల్లులకు రైలెక్కాడు.

ఒంటెద్దుతో సేద్యం ఎట్లా ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు. పక్కచేను సాయిబుకు కూడా ఒక్క ఎద్దే ఉండేది. ఆయనదీ మాదీ కలిపి కాడి కట్టేవాళ్లం. ఆయన మంచివాడే, కానీ ఎవరి ఎద్దు వాళ్ల చేనుకు ముందు. ఆయన విత్తనం పడ్డాకే మా చేలోకి నాగలి వచ్చేది. నాలుగేళ్లు ఊరందరి జొన్న మోకాలెత్తు లేచాక మా జొన్న మొలకెత్తింది. మా ఆయన మాటకారి కాదు. కోపం వస్తే ఎద్దుతో మాట్లాడతాడు. ఆ నాలుగేళ్లూ ఎద్దుతో ఎంత మాట్లాడాడంటే, నాకు ఒక్కోసారి ఆ ఎద్దు మీద కుళ్లు పుట్టేది.

అందుకే నేను పొట్టేలును మేపాను. కోహీర్‌లో మా అమ్మ ఇచ్చిన గొర్రెపిల్ల అది. ఉలవలు ఉడకబెట్టి, శనగపొట్టు కలిపి, నా నోటి బెల్లంముక్క దాని నోట్లో పెట్టి పెంచాను. అప్పటికి నాకింకా పిల్లలు లేరు. వాడకట్టు ఆడవాళ్లు దాన్ని నా పెద్దకొడుకు అని ఎగతాళి చేసేవాళ్లు. చేస్తే చేశారు. పొట్టేలునూ, నా కాళ్ల వెండి కడియాలనూ సంతలో ఇచ్చి, మృగశిర కార్తె లోపల రెండో ఎద్దును తేవాలని నేనూ మా ఆయనా అనుకున్నాం. గురువారం ఇంకా మూడు రోజులుంది. నేను దాని మెడకు కొత్త తాడు కూడా పేనాను.

సరిగ్గా ఆ సోమవారం మా మరిది వచ్చాడు.

మా మామ ఎట్లాంటి మనిషో చెప్పాలి. నీళ్లకుండ మూడడుగుల దూరంలో ఉన్నా లేచి ముంచుకోడు, పిలిచి అడుగుతాడు. మోకాళ్ల నొప్పి కొంత, పెద్దరికం కొంత. రుమాలు లేకుండా గడప దాటింది నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు అరుగు మీద కూర్చొని బాట వైపు చూస్తున్నవాడు ఉన్నట్టుండి లేచి పరుగు తీశాడు. కర్ర ఒకచోట పడింది, రుమాలు ఒకచోట పడింది. వాడకట్టు కుక్కలు ఆయన పరుగెత్తడం పుట్టి ఎరగవు, అన్నీ వెంటపడ్డాయి. పామొచ్చిందేమోనని ఒకరు కట్టె, గడ్డివాము అంటుకుందేమోనని ఇంకొకరు నీళ్ల బిందె పట్టుకొని బయటికొచ్చారు. చూస్తే బాట మధ్యలో మా మామ ఒక ఎముకల గూడును కౌగిలించుకొని ఏడుస్తున్నాడు. ఆ గూడుకు ఒక మిల్లు టోపీ, చంకలో ఒక విరిగిన గొడుగు. నాలుగేళ్ల సంపాదన అది.

మా మరిది పందులు మేపలేదు. షోలాపూర్‌లో ఒక ఖానావళిలో ఎంగిలి గిన్నెలు తోమాడట. దారి పొడుగునా క్షమాపణ మాటలు కట్టుకొని కంఠతా పట్టుకుంటూ వచ్చాడట. మామ వినిపించుకోలేదు. వాణ్ని తెచ్చి మంచం మీద కూర్చోబెట్టి, తన కొత్త ధోవతి కట్టించి, నా వైపు తిరిగి, "బిడ్డా, పొట్టేలును కొయ్యాలె, సంఘమంతటికి చెప్పొస్త," అని వెళ్లిపోయాడు.

ఆయన అడగలేదు. చెప్పాడు. నేను రోలు దగ్గర కారం నూరుతున్నాను.

మరిది వచ్చి నా ఎదుట గొంతుకూర్చున్నాడు. "వదినా, నాయిన ఇననే ఇనలే. నువ్వన్న ఇను," అన్నాడు. సరే చెప్పమన్నాను. చెప్పాడు. సగం మరాఠీ కలిసింది. నాకు సరిగ్గా వినపడలేదు, మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పాడు. కారం ఘాటుకు వాడి కళ్లలో నీళ్లు కారుతున్నాయి. అవి పశ్చాత్తాపం నీళ్లేనా కాదా అని తేల్చుకోవడానికి మూడోసారి చెప్పించాను.

"ఎద్దు సంగతి అందుల లేదేంది?" అని అడిగాను.

వాడు తల వంచుకొని, "ఎద్దు మాట నోటికొస్తలేదు వదినా," అన్నాడు. ఆ ఒక్క మాట నిజమనిపించింది. నిజమనిపించినందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

మా ఆయన చేను నుంచి వచ్చాడు. మరిదిని చూశాడు, దొడ్లో కట్టేసి ఉన్న పొట్టేలును చూశాడు, నన్ను చూశాడు. నేను సంగతి చెప్పాను. "ఒక ఎద్దును తీస్కపోయిండు. రెండో ఎద్దును తినెతందుకు వచ్చిండు," అని కొట్టంలోకి పోయి తలుపు వేసుకున్నాడు. లోపల ఎద్దుతో మాటలు మొదలయ్యాయి.

ఇంతలో సంఘం పెద్దలు ఇద్దరు వచ్చారు. వచ్చి అరుగు మీద కూర్చున్నారు గానీ నేనిచ్చిన నీళ్లు ముట్టలేదు. ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. ఊరు విడిచి తప్పుదారి పట్టినవాళ్లు తిరిగి వస్తే, పెద్దలను కూర్చోబెట్టి ఒక మేకను కోసి అందరికీ పెట్టాలి. దాన్ని దండుగ అంటారు. అది పెట్టేదాకా ఆ ఇంట్లో ఎవరూ నీళ్లు తాగరు. తాతల నాటి నుంచి వచ్చింది. సంఘంలో కలిశాక ప్రార్థనలు మారాయి గానీ, మేక మారలేదు. కోసిన మేక కార్జం పెద్దమనిషికి. ఆ పెద్దమనిషి మా మామ. నేను చూస్తుండగానే ఆయన ఐదారు ఇళ్ల కార్జాలు తిన్నాడు.

"దండుగ ఎప్పుడు?" అని అడిగాడు పెద్దల్లో ఒకాయన.

"దండుగ కాదు. నా కొడుకు దొరికిండని నేను పెట్టుకుంటున్న సంతోషం," అన్నాడు మామ.

ఆ పెద్దాయన జర ఆలోచించి, "సంతోషమైనా దండుగైనా కోసేది ఆ పొట్టేలునే గదా. పేరుతోని మాకేం పని?" అన్నాడు.

"దండుగ అంటే తప్పు చేసినోడు పెట్టుడు. ఇది నేను పెడుతున్న."

"గట్ల ఎట్ల? తప్పు చేసినోనికి ఎదురు మనమే పెడతమా? లోకంల ఎక్కడన్న ఉన్నదా?"

మామ పాస్టరుగారిని పిలిపించాడు. ఆయన గుంటూరు వైపు మనిషి. మా మాట ఆయనకు సగమే అర్థమయ్యేది, ఆయన మాట మాకు సగమే. ఆరేళ్లుగా ఏటా ఈ కథ మీద ప్రసంగం చేస్తున్నాడు, మావాళ్లు ఏటా తలలు ఊపుతున్నారు. ఆయన సంతోషంగా, "ఉంది నాయనా, ఉంది. ఆ కథలో విందు చేసింది తండ్రే కదండీ," అన్నాడు.

"అవు. కొడుకు పెట్టవలసిన దండుగను తండ్రి పెట్టిండు. కొడుకు కాడ ఏం లేకపాయె. దూడ అందుకే గదా కోసింది," అన్నాడు పెద్దాయన. పక్కాయన కూడా అంతే కదా అన్నట్టు చూశాడు.

తన ఆరేళ్ల ప్రసంగాలను మావాళ్లు దండుగ వసూలు కథగా విన్నారని పాస్టరుగారికి అప్పుడు తెలిసింది. నిజం చెప్పాలంటే నేనూ అట్లాగే విన్నాను. పెద్దకొడుకు అలిగింది, చిన్నవాడి దండుగ ఉమ్మడి మందలోంచి కట్టినందుకే అని నా నమ్మకం. నాకు అది న్యాయంగానే తోచేది.

పాస్టరుగారు తేరుకొని అరుగు అంచున కూర్చున్నాడు. ఈసారి ప్రసంగం గొంతుతో కాకుండా మామూలుగా చెప్పాడు. ఆ దూడ దండుగ కాదనీ, తండ్రి కొడుకు నుంచి ఏమీ అడగలేదనీ, మాట పూర్తిగా చెప్పనివ్వలేదు కూడా అనీ, క్షమించడమంటే అదేననీ అన్నాడు. ఆ మాట ఒప్పుకుంటే ఇన్నాళ్లు తిన్న మేకలకు లెక్క చెప్పాల్సిన చిక్కు వస్తుంది.

ఆ చిక్కు గోడ అవతలే నిలబడి ఉంది. మా వెనక ఇంటి అవ్వ. రెండేళ్ల కింద ఆమె బిడ్డ, పెళ్లి కాని పడుచు, ఎవరో బట్టల వ్యాపారి మాటలు నమ్మి బీదర్ పోయి, ఏడు నెలలకు ఒంటరిగా తిరిగొచ్చింది. అవ్వకు ఉన్నది ఒక్క పాడి మేక. దండుగకు దాన్నే కోశారు. ఆనాటి నుంచి ఆ పిల్ల ఆదివారం మందిరానికి వచ్చినా వెనక గోడకు ఆనుకొని, కొంగు ముఖం మీదికి లాక్కొని కూర్చునేది.

"అయ్యగారు," అంది అవ్వ గోడ మీది నుంచి. "అంటె మాఫీకి మేక అక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మా."

"ఆ కథల అప్పటి సంది గట్లనే ఉన్నదా, ఇప్పుడు మారిందా?"

"మొదటి నుంచీ అంతేనమ్మా."

అవ్వ మా మామ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "అయితే పెద్దయ్యా, నా మేక సంగతేంది?"

పెద్దలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ ఆ మేక కూర తిన్నవాళ్లే. మా మామ రుమాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అంత పెద్దమనిషి అంత చిన్నగా కావడం నేను అప్పుడే చూశాను. తల ఎత్తి, అవ్వను కాదు, నన్ను చూశాడు. "బిడ్డా, పొట్టేలు నీది. నిన్ను అడగలే నేను," అన్నాడు.

నేను లేచి కొట్టం దగ్గరికి పోయి, తలుపు సందులోంచి మా ఆయనకు సంగతి చెప్పాను. "నీ పొట్టేలు, నీ ఇష్టం," అన్నాడు. నేను పొట్టేలును విప్పి, కొత్త తాడుతో సహా తీసుకుపోయి అవ్వ చేతిలో పెట్టాను.

పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నాడు. తర్వాతి ఆదివారం నా త్యాగం గురించి అరగంట చెప్పాడు కూడా. అది విని నేను సిగ్గుతో చచ్చాను. అందులో త్యాగం పిసరంత లేదు. అవ్వ మేకకు బదులు కట్టాలంటే మా ఇంట్లో ఉన్నది ఆ పొట్టేలొక్కటే, ఎద్దు ఎట్లాగూ రాదని తేలిపోయింది. మరిది నోట్లో పడేకంటే అవ్వ దొడ్లో ఉంటే నయం అనుకున్నాను, అంతే. ఒక్క ముక్క కూడా వాడి గొంతు దిగొద్దని నా పంతం. అవ్వ కూడా కళ్లనీళ్లేం పెట్టుకోలేదు. పొట్టేలును ఎగాదిగా చూసి, "పాడి మేకను తిని పొట్టేలును ఇస్తరు. పాలు ఎక్కడ పిండాలె?" అని గొణుక్కుంటూ తోలుకుపోయింది.

విందుకు జొన్నరొట్టె, పచ్చిపులుసు మిగిలాయి. పెద్దలకు ఇంట్లో పనులు గుర్తుకొచ్చి వెళ్లిపోయారు. మరిది కంచం ముందు కూర్చొని ముట్టుకోలేదు. అన్న రానిది తిననన్నాడు. వాడు తినకపోతే మామ తినడు. మామ తినకపోతే నాకు తిండి లేదు. మామ లేచి కొట్టం దగ్గరికి పోయాడు. కథలో తండ్రి పెద్దకొడుకుతో మంచి మాటలు చాలా చెబుతాడు. మా మామ తలుపు దగ్గర నిలబడి, "నాయినా, మందివి మేకలు తిన్న నోరు నాది. నీకు ఏం చెప్పుదును? రొట్టె సల్లారుతుంది, రా," అన్నాడు.

మా ఆయన వచ్చాడు. తమ్ముడికి వీపు పెట్టి కూర్చొని తిన్నాడు. ఆ రాత్రికి అదే గొప్ప.

వీపు తిరగడానికి తొలకరి దాకా పట్టింది. వాన పడింది. సాయిబు ఎద్దు సాయిబు చేలోనే ఉంది. ఒక పొద్దున మా మరిది చెప్పాపెట్టకుండా పోయి, కాడి రెండో కొస తన భుజాల మీద పెట్టుకొని నిలబడ్డాడు. "ఎద్దును అమ్మిన. నేనే గుంజుత," అన్నాడు. మొదటిసారి ఎద్దు మాట వాడి నోట వచ్చింది. మా ఎద్దు పక్కకు తిరిగి ఈ కొత్త జోడును వాసన చూసి, గిర్రున వెనక్కి తిరిగి, కాడినీ మరిదినీ గట్టు దాకా ఈడ్చుకుపోయింది. బురద లోంచి మిల్లు టోపీ ఒకటే పైకి కనిపించింది. మా ఆయన నవ్వాడు. నాలుగేళ్ల తర్వాత ఆ మనిషి పళ్లు చూశాను నేను.

గట్టు మీద ఇదంతా చూస్తున్న సాయిబు నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయాడు. "ఫికర్ చెయ్యకు. నీ తమ్మున్ని నాకియ్యి, నా ఎద్దును నువ్వు తీస్కపో. ఈ ఏడు నీ చేను ముందు," అన్నాడు. బేరం కుదిరింది. ఆ వానాకాలమంతా మా మరిది సాయిబు చేలో కలుపు తీశాడు, ఎద్దు మా చేలో నడిచింది. మా జొన్న ఊరందరితో పాటు మొలకెత్తింది.

పంట చేతికొచ్చాక అవ్వ సంఘమంతటికీ కబురు పంపింది. పొట్టేలును కోస్తున్నానని, అందరూ రావాలని. మామ సంఘంలో దండుగలు ఎత్తేయించి నాలుగు నెలలైంది కదా, ఇదేమిటని అందరూ అనుకుంటూనే పోయారు. నేనూ పోయాను. నా పెద్దకొడుకు కూర నేను తింటానా అని ఇంట్లో అని, కొత్త చీర కట్టుకొని మరీ పోయాను.

బంతి కూర్చున్నాక అవ్వ తన బిడ్డను చేయి పట్టి తెచ్చి అందరి మధ్యలో కూర్చోబెట్టింది. ఆ పిల్ల కొంగు ముఖం మీదికి లాక్కోబోతే అవ్వ వెనక్కి తీసింది. "నా బిడ్డ వచ్చిననాడు మీరందరు తిన్నరు," అంది అవ్వ. "ఇది తినలే. లోపల ఏడ్సుకుంట కూసున్నది. ఇయ్యాల ముందు ఇది తినాలె, దీనితోని మీరు తినాలె." పిల్ల మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఒక్కరూ విస్తరి మీద చెయ్యి పెట్టలేదు. మా మామ ఆ పిల్ల వైపు చూస్తూ కళ్లు ఒత్తుకున్నాడు.

తర్వాత అవ్వ కార్జం గిన్నె పట్టుకొని బంతి వెంట వచ్చింది. ముప్పై ఏళ్ల అలవాటు, మా మామ తెలియకుండానే విస్తరి ముందుకు జరిపాడు. జరిపాక గుర్తుకొచ్చి వెనక్కి లాక్కున్నాడు. అవ్వ ఆయనను దాటింది, పాస్టరుగారిని దాటింది, నా ముందు ఆగి గిన్నె మొత్తం నా విస్తట్లో బోర్లించింది. "మేపిన చెయ్యి నీది. ఇది నీ పాలు," అంది.

నాకు ఎవరూ ఎన్నడూ అట్లా చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇంతమందిలో ఏడవడమేమిటని తల వంచుకొని ముక్కలు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నాను. ఎదురు బంతిలో మా ఆయన, మా మరిది పక్కపక్కనే ఉన్నారు. మరిది చూపు నా ముఖం మీద లేదు, విస్తరి మీద ఉంది.

"వదినా, అంత నువ్వే తింటవా?" అన్నాడు.

ఒక్క ముక్క కూడా వాడి గొంతు దిగొద్దని పంతం పట్టినదాన్ని నేను. లేచి పోయి, సగం తీసి వాడి విస్తట్లో వేశాను. వాడు నోట్లో పెట్టుకొని, కళ్లు మూసుకొని నమిలి, "మంచిగ కొవ్వింది వదినా," అన్నాడు.

"ఎందుకు కొవ్వది? నేను మేపిన," అని వచ్చి కూర్చొని నా పాలు నేను తిన్నాను.